సణుగుడు వేరు, మొఱ వేరు

కోతలు ముగిసి కొత్త వడ్లు ఇంటికి చేరిన రోజులలో మన సంఘాలలో కోత పండుగ జరుపుకోవడం ఆనవాయితీ. ఒకరు తట్టెడు వడ్లు తెస్తారు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఒకరు ఎండుమిరప మూట తెస్తారు. పొలం లేనివారు పెరటి చెట్టునుంచి నాలుగు నిమ్మకాయలైనా కోసుకొని వస్తారు. ఆరాధన అయిన తరువాత వాటన్నిటినీ వేలం వేస్తారు. అయిదు రూపాయల నిమ్మకాయ అయిదువందలకు పోతుంది. పాట దక్కినవారూ నవ్వుతారు, దక్కనివారూ నవ్వుతారు. పిల్లలకు క్రిస్మసు తరువాత ఇష్టమైన పండుగ ఇదే.

అంతవరకు బాగానే ఉన్నది. ఆ తరువాతి ఘట్టమే మమ్మల్ని ఆలోచింపజేసినది. మందిరం మెట్లు దిగి చెప్పులు వెదుక్కునే లోపలే మరొక ఆరాధన ప్రారంభమవుతుంది. ప్రసంగం మరీ పొడుగైంది. కూరలో ఉప్పు తక్కువైంది. మిరపకు ధర లేదు. రోడ్డు అధ్వాన్నం. మన తెలుగువారిని పట్టించుకునే నాథుడు లేడు. గంట క్రితం స్తోత్రం చెప్పిన నోరే ఇదీ చెబుతుంది. ఇతరులను ఎత్తిపొడవడానికి మేమీ మాట వ్రాయడం లేదు. ఆ చెప్పుల దగ్గర మేమూ ఉంటాము. చాలాసార్లు మొదలుపెట్టేది కూడా మేమే. అందుచేత ఈ నెల ఈ పుటలో మన సణుగుడును గురించే కాస్త మాట్లాడుకుందాము.

సిరొంచ ప్రాంతంలో సణగడానికి కారణాలు లేకపోలేదు. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి రెండువందల కిలోమీటర్ల పైమాట. మధ్యలో అడవి. ఒకవైపు ప్రాణహిత, ఒకవైపు గోదావరి, తూర్పున ఇంద్రావతి. వానాకాలం వచ్చిందంటే ఏ వాగు ఎప్పుడు పొంగి దారి మూస్తుందో తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఆ రెండూ గోండీ కలిసిన భాష. కచేరీ కాగితం చేతికి వస్తే చదివి చెప్పేవారికోసం వెదకడం పాత తరంవారికి అలవాటే.

పైగా మనవాళ్ళలో చాలామంది ఎక్కడినుంచో వలస వచ్చినవారు కారు. ఉన్నచోటనే ఉన్నారు, ప్రభుత్వాలే మారినవి. గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ తాలూకాలను 1860లో నిజాము ఇంగ్లీషువారికి ఇచ్చివేశాడు. వారు సిరొంచను కేంద్రంగా చేసి ఎగువ గోదావరి జిల్లా ఏర్పరచారు. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి సిరొంచను చాందా జిల్లాలో కలిపారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసువైపు పోయినవి. ఆ తరువాత 1950లో మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. తాత పుట్టినది మధ్య పరగణాలలో, తండ్రి పుట్టినది మధ్యప్రదేశ్‌లో, తాను మహారాష్ట్రలోని చాందా జిల్లాలో, కొడుకు గడ్చిరోలి జిల్లాలో. నలుగురూ పుట్టినది ఒకే ఇంట్లో! అలాంటి ఇంట్లో వసారాలో కూర్చున్న పెద్దాయన "ఒకప్పుడు మా సిరొంచే జిల్లా, తెలుసా?" అని నిట్టూరిస్తే ఎవరు కాదనగలరు?

కాని నిట్టూర్పు కూడా వారసత్వంగా వస్తుందేమోనని మాకు భయం. 1874లో పోయిన జిల్లాకోసం మనవడు కూడా నిట్టూరుస్తుంటే, మనమతనికి భూమితోపాటు మన సణుగుడునూ పంచిపెట్టామన్నమాట.

గడచిన చలికాలంలో మేము ఆలాపల్లినుంచి సిరొంచకు ఎస్టీ బస్సులో పోవలసి వచ్చింది. సుమారు నూరు కిలోమీటర్ల దారి. గోతి తరువాత గోతి. మా పక్కన ఒక మాస్టరుగారు, ముందు సీటులో ఒక దుకాణదారు. ముగ్గురం రోడ్డుతో మొదలుపెట్టాము. రోడ్డునుంచి కంట్రాక్టర్లమీదికి, అక్కడినుంచి ప్రభుత్వంమీదికి, ప్రభుత్వంనుంచి మనవాళ్ళ అనైక్యతమీదికి వచ్చాము. బస్సు ఎంత మెల్లగా పోయినా మా మాటలకు అడ్డులేకపోయింది. కిటికీ పక్కన అరవై ఏళ్ళు దాటిన ఒక రైతు స్త్రీ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. రెండు గంటలు ఓపికగా విన్నది. తరువాత మావైపు తిరిగి అడిగింది:

"ఇంతసేపు మాట్లాడిన్రు గదా సారు, ఒక్క కాగితమన్న రాసిన్రా?"

మాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. దుకాణదారు గొంతు సవరించుకున్నాడు. "రాయలేదు పెద్దమ్మా" అని ఒప్పుకోవడం మా వంతైంది.

ఆమె సంచి తెరిచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితాలు తీసింది. పొలం సాత్‌బారా ఉతారా, పంచనామా నకలు, మూడు అర్జీలు. మూడింటిమీదా "ముట్టినది" అన్న ముద్ర ఉన్నది. 2022 జులై వరదలో ఆమె మూడెకరాలలో రెండెకరాలు ఇసుక మేట వేసినవట. పరిహారం జాబితాలో పేరు రాలేదు. అందుకోసం కచేరీకి పోయి వస్తున్నది. ఆ కాగితాల కింద సంచిలో ఒక చిన్న మూట ఉన్నది. ఏమిటని అడిగాము. కొత్త బియ్యమట. వచ్చే ఆదివారం వాళ్ళ మందిరంలో కోత పండుగ. ఆ ఎకరంలో పండిన వడ్లు మరపట్టించి తెస్తున్నది.

"రెండెకరాలు పోయినంక ఇంకా కోత పండుగేమిటి పెద్దమ్మా?" అని అడిగాడు దుకాణదారు.

"ఎకరం మిగిలింది గద బిడ్డా. మిగిలినదానికి దేవునికి స్తోత్రం చెప్పాలె. పోయినదానికి సర్కారును అడగాలె. దేవునితోని చెప్పేది దేవునితోని చెప్త, సర్కారును అడిగేది సర్కారును అడుగుత. రెండూ కలిపి పక్కింటామెకు చెప్తే ఏం ఫాయిదా?"

మేము చాలా ప్రసంగాలు విన్నాము. కొన్ని చేశాము కూడా. కాని కృతజ్ఞతను గురించి ఇంత సూటి ప్రసంగం విన్న జ్ఞాపకం లేదు.

ఆ వరద చిన్న వరద కాదు. ఆ ఏడు ఏప్రిల్‌లో సిరొంచవద్ద ప్రాణహిత పుష్కరాలు జరిగినవి. మూడు నెలలు తిరగకముందే నది ఊళ్ళమీద పడింది. ఆ జులైలో భద్రాచలంవద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంత నీరు అక్కడ చూడలేదు. సిరొంచ రైతుల మాటలో మేడిగడ్డ బారేజీ ప్రసక్తి కూడా వస్తుంది. ఆ బారేజీ గోదావరికి అడ్డంగా తెలంగాణవైపు మేడిగడ్డకూ, మహారాష్ట్రవైపు సిరొంచ తాలూకాలోని పోచంపల్లికీ నడుమ ఉన్నది. 85 గేట్లు. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నవి. 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగినవి. వెనుక నిలిచిన నీటివల్లా, ఒక్కసారిగా వదిలిన నీటివల్లా మా పొలాలు పోయినవని సిరొంచ తాలూకా రైతులు అర్జీలు పెట్టారు. 2022లో నిరాహార దీక్షలకు కూడా కూర్చున్నారు. వానవల్ల ఎంత, కట్టవల్ల ఎంత అని తేల్చడం ఈ పుట చేయగల పని కాదు. కాని ఆ రైతులలో మన విశ్వాసులూ ఉన్నారు. వారిని ఒక ప్రశ్న వేధిస్తుంది. సణగవద్దని గదా వాక్యం చెబుతున్నది? మరి మనం అర్జీ పెట్టవచ్చునా? దీక్ష శిబిరంలో కూర్చోవచ్చునా? అన్నిటికీ స్తోత్రమని చెప్పి ఊరుకోవడమే భక్తి కాదా?

ఇక్కడ మన తెలుగు బైబిలు మనకొక మేలు చేసింది. అందులో రెండు మాటలు విడివిడిగా ఉన్నవి. ఒకటి సణుగుట. రెండవది మొఱపెట్టుట. ఐగుప్తులో ఇటుకలు చేస్తూ కొరడా దెబ్బలు తిన్న ఇశ్రాయేలీయులు పెట్టినది మొఱ. దేవుడు ఆ మొఱ విని మోషేను పంపాడు. "ఎందుకు ఏడుస్తారు, ఉన్నదానితో తృప్తిపడండి" అని చెప్పి పంపలేదు. ఆ ప్రజలే ఎర్ర సముద్రం దాటి అరణ్యంలోకి వచ్చిన తరువాత చేసినది సణుగుడు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో ఈ రెండు మాటలూ కొద్ది వచనాల దూరంలోనే కనిపిస్తవి. యజమాని బిగపట్టిన కూలి డబ్బు మొఱపెడుతున్నదని, ఆ మొఱ ప్రభువు చెవిని పడిందని మొదట అంటాడు. సహోదరులు ఒకరిమీద ఒకరు సణుగుకోవద్దని ఆ తరువాత అంటాడు. మొదటిదానిని తప్పుపట్టలేదు, రెండవదానిని వద్దన్నాడు. చదివేటప్పుడు మనం ఈ రెండింటినీ కలిపేస్తున్నాము.

అరణ్యంలో ఆకలి, దాహం నిజం కావా? నిజమే. దేవుడు నీళ్ళూ ఇచ్చాడు, మన్నా ఇచ్చాడు. మరి తప్పు ఎక్కడున్నది? సంఖ్యాకాండంలో వారేమి జ్ఞాపకం చేసుకున్నారో చూడండి. ఐగుప్తు చేపలు, దోసకాయలు, ఉల్లిగడ్డలు, వెల్లుల్లి. అవి ఉచితంగా దొరికేవని కూడా అన్నారు. ఇటుకల మాట లేదు. నైలు నదిలో పారవేయబడిన మగబిడ్డల మాట లేదు. సణుగుడు గతాన్నిగురించి అబద్ధం చెబుతుంది. కూరలో వెల్లుల్లి గుర్తుంటుంది, వీపుమీది వాత గుర్తుండదు. సిరొంచ జిల్లా కేంద్రంగా ఉన్న రోజులు మనకు గుర్తుంటవి. ఆ రోజులలో నదిమీద వంతెన లేదని గుర్తుండదు. ప్రాణహితమీద, గోదావరిమీద ఇప్పుడున్న వంతెనలు గత పది పన్నెండేళ్ళలో వచ్చినవే. అంతకు ముందు పురిటినొప్పుల తల్లిని పడవలో దాటించిన కుటుంబాలు మన పాఠకులలోనే ఉన్నవి. ఆ వంతెన ఎక్కిన ప్రతిసారీ వందనం చెప్పవలసినది మనమే. మనం మాత్రం దానిమీద కారు ఆపి అవతలి రోడ్డును తిడుతున్నాము.

అందుచేత మాకు తోచినది ఇది. కృతజ్ఞత అంటే నష్టాన్ని దాచిపెట్టడం కాదు. జమా, ఖర్చూ రెండూ నిజంగా వ్రాసిన లెక్క అది. ఆ పెద్దమ్మ రెండెకరాలు పోయినవని చెప్పింది, ఎకరం మిగిలిందనీ చెప్పింది. మిగిలిన ఎకరాన్ని లెక్కలో చూపింది గనుక పోయిన రెండెకరాల లెక్క కూడా నమ్మదగినదైంది.

దీనికి పౌలు అపొస్తలునికన్న మంచి సాక్షి లేడు. సణగక పనులు చేయమని ఆయన వ్రాసినది ఫిలిప్పీ సంఘానికి; వ్రాసినది చెరలోనుంచి. అదే ఫిలిప్పీ పట్టణంలో అంతకు ముందు ఆయనకు జరిగినది అపొస్తలుల కార్యములు పదహారవ అధ్యాయంలో ఉన్నది. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి, లోపలి చెరలో వేసి, కాళ్ళకు బొండ బిగించారు. అర్ధరాత్రి పౌలు, సీల పాటలు పాడారు. ఈ సగం కథ మన ఆదివారపు బడి పిల్లలందరికీ తెలుసు. భూకంపం, తెరచుకున్న తలుపులు, చెరసాల నాయకుని బాప్తిస్మం.

తెల్లవారిన తరువాతి కథ మనం అంతగా చెప్పుకోము. న్యాయాధిపతులు బంట్రోతులను పంపి, ఇక వెళ్ళవచ్చునని కబురుచేశారు. రాత్రంతా పాటలు పాడిన పౌలు మాత్రం కదలలేదు. తాము రోమా పౌరులమనీ, విచారణ చేయకుండా నలుగురిలో కొట్టించి ఇప్పుడు చాటుగా పంపివేయడం కుదరదనీ, వారే స్వయంగా వచ్చి తీసుకొనిపోవాలనీ చెప్పాడు. వాళ్ళు భయపడి వచ్చి బతిమాలుకున్నారు.

రాత్రి పాడినవాడూ ఉదయం హక్కు అడిగినవాడూ ఒక్కడే. పాట పాడాడు గనుక అన్యాయాన్ని మింగలేదు. హక్కు అడిగాడు గనుక పాట అబద్ధం కాలేదు. ఆయన అడిగినదానిలో పగ లేదు, పరిహారం సొమ్ము కూడా లేదు. ఆ ఊళ్ళో లూదియ ఇంట్లో కొత్తగా పుట్టిన చిన్న సంఘం ఉన్నది. నాయకుణ్ణి దొంగలా పంపివేశారన్న మాట నిలిచిపోతే ఆ సంఘానికి ఊళ్ళో పరువెక్కడిది? పాడి మనసు తేలిక చేసుకున్న మనిషి కాబట్టే అంత స్థిమితంగా, అంత కొలతగా అడగగలిగాడని మా నమ్మకం. రాత్రంతా సణుగుతూ కూర్చున్నవాడు తలుపు తెరుచుకోగానే పరుగెత్తేవాడు, లేకపోతే తగాదాకు దిగేవాడు.

లూకా సువార్తలో కూడా ఇటువంటి జంట కనిపిస్తుంది. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే తిరిగివచ్చి వందనం చెప్పాడు. అతడు పరజాతివాడు, సంగతి జరిగినది సమరయ, గలిలయ ప్రాంతాల సరిహద్దులో. మనవంటి సరిహద్దువాళ్ళకు ఆ వివరం తీపిగా ఉండాలి. పుట తిప్పితే, న్యాయం లేని న్యాయాధిపతి గుమ్మానికి విసుగులేక తిరిగిన విధవరాలి ఉపమానం. వందనం చెప్పినవాణ్ణీ, అర్జీ మానని ఆమెనూ సువార్తికుడు పక్కపక్క ఇళ్ళలో కాపురముంచాడు. మనం మాత్రం మొదటి ఇంటికి ఆదివారం పోయి, రెండవ ఇంటి తలుపు తట్టకుండా వచ్చేస్తాము.

ఇక్కడ సంఘ పెద్దలతో ఒక మాట మనవి చేయాలి. అన్నిటికీ స్తోత్రం చెప్పమని బోధించడం మంచిదే. కాని ఆ బోధ ఎవరు ఎవరికి చేస్తున్నారో చూసుకోవాలి. కడుపునిండినవాడు పస్తున్నవాడికి కృతజ్ఞత నేర్పితే అది బోధ కాదు, గాయంమీద ఉప్పు. బట్టలేనివానికి వెచ్చగా ఉండమని చెప్పి పంపివేసేవారిని యాకోబే మందలించాడు. పొలం పోయినవానికి కృతజ్ఞతనుగురించి చెప్పకముందు వాని అర్జీ వ్రాసిపెట్టాలి, కచేరీకి తోడు పోవాలి. అప్పుడు మనం చెప్పకముందే అతడు స్తోత్రం చెబుతాడు.

అన్ని సణుగుళ్ళనూ విసరి పారవేయరాదని కూడా వాక్యమే నేర్పుతున్నది. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడేవారు సణిగారు. రోజూ జరిగే పంపిణీలో తమ విధవరాండ్రను విడిచిపెడుతున్నారని, హెబ్రీ మాట్లాడేవారికే అందుతున్నదని వారి బాధ. భాష వేరైనందుకు వరుసలో వెనుకపడ్డవారి బాధ అది. మహారాష్ట్రలో తెలుగు ఇళ్ళవారికి ఇది వివరించి చెప్పవలసిన పని లేదు. అపొస్తలులు ఏమి చేశారు? సణిగినందుకు చీవాట్లు పెట్టలేదు. సంఘాన్ని పిలిచి, ఏడుగురిని ఏర్పరచి, ఆ పని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. చాటున పుట్టిన సణుగుడును సభలోకి తెచ్చి, మొఱగా మార్చి, దానికి జవాబు చెప్పారు. ఆ తరువాత సంఘం పెరిగిందని అదే అధ్యాయం చెబుతున్నది. కనుక మన సంఘాలలో చెప్పుల దగ్గర వినిపించే సణుగుడును కమిటీ బల్లమీదికి తేవడం పెద్దల విధి. సణిగేవారి విధి ఏమంటే, ఆ బల్లదాకా రావడం.

మన ప్రాంత చరిత్రలోని ఒక సంగతి చెప్పి ఇది ముగిస్తాము. 1860 దశకంలో, అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తికి గిరాకీ పెరిగిన రోజులలో, సముద్రంనుంచి వార్ధాదాకా గోదావరిమీద పడవలు నడపాలని ఇంగ్లీషు ప్రభుత్వం తలపెట్టింది. సర్ ఆర్థర్ కాటన్ చిరకాలపు కల అది. దారిలో మూడుచోట్ల రాతి అడ్డులు. మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇంచంపల్లి, మూడవది ప్రాణహితమీద దేవలమర్రి. దుమ్ముగూడెంవద్ద హేగ్ అనే ఇంజనీరు పని నడిపాడు. ఆనకట్ట, కాలువ కట్టారు. జ్వరాలతో పనివారు పడిపోయారు. చివరకు ఖర్చు గిట్టదని 1871లో పని మొత్తం ఆపివేశారు. 

అక్కడ పనిచేసినవారికి సణగడానికి జీవితకాలానికి సరిపడ కారణముండెను. కాని హేగ్ కచేరీలో పనిచేసిన వెంకటరామరాజు అనే తెలుగువాడు సర్కారు ఉద్యోగం విడిచిపెట్టి, అక్కడి కోయవారి మధ్య సువార్త సేవకు పూనుకున్నాడు. సి.ఎం.ఎస్. వారి దుమ్ముగూడెం మిషనుకు ఆయనే మూలపురుషులలో ఒకడు. దుమ్ముగూడెం అప్పుడు మన ఎగువ గోదావరి జిల్లాలోనిదే. 19వ శతాబ్ది చివర అమెరికా మెథడిస్టు మిషను సిరొంచకు వచ్చి బడి పెట్టింది. పడవల పథకం కాగితాలలో కలిసిపోయింది, మిషను నిలిచింది. ఆగిపోయిన పనిలోనుంచి ఏమి మిగిలిందో చూడగలిగిన కన్ను ఆ రాజుగారిది. ఆయన నిరాశను ఎవరికి ఎన్నిమార్లు చెప్పుకున్నాడో మనకు చేరలేదు. ఆయన చేసిన పని చేరింది.

మరి మన ఇళ్ళలో ఏమి చేద్దాము? మూడు చిన్న సంగతులు మేము మా ఇంట్లో మొదలుపెట్టాము. మీకూ పనికివస్తే తీసుకోండి.

మొదటిది: ఫిర్యాదు నోటికి రాగానే, ఇది ఎవరికి చెప్పవలసినది అని అడుక్కోవడం. దేవునికైతే ప్రార్థనలో. తలాఠీకైతే కాగితంమీద. భర్తకో, అత్తగారికో, కోడలికో అయితే ఎదుట కూర్చుని మెల్లగా. ఎవరికీ కాకపోతే దాన్ని మింగివేయడం. ఇలా చేస్తే మా ఫిర్యాదులలో సగంపైగా చిరునామా లేనివని తేలింది.

రెండవది: రాత్రి కుటుంబ ప్రార్థనలో అడిగే విన్నపాలకు ముందు, ఆ రోజు దొరికిన ఒక మేలును పేరుపెట్టి చెప్పడం. "అన్నిటికీ స్తోత్రం" అంటే చాలదు. మా మనవడు మొదటి రాత్రి "ఇవాళ కరెంటు పోలేదు" అన్నాడు. నవ్వాము గాని, మాలో ఎవరమూ అది గమనించలేదన్నది నిజం.

మూడవది: మేలు చేసిన మనిషికి ముఖాముఖిగా చెప్పడం. వానలో మందుల సంచి మోసుకొని వచ్చిన ఆశా కార్యకర్తకు, ఇప్పపువ్వు కాలంలో దారి చూపిన గోండు పొరుగువానికి, మరాఠీ అర్జీ వ్రాసిపెట్టిన మాస్టరుకు. సరిహద్దులో బతికేవారికి పొరుగువారి భాషలో "ధన్యవాద్" అన్న మాట వచ్చి ఉండడం కనీస మర్యాద కూడాను.

ఆ రోజు బస్సు సిరొంచ చేరేసరికి చీకటిపడింది. పెద్దమ్మ దిగుతూ డ్రైవరువైపు తిరిగి, "సల్లగుండు బిడ్డా, మంచిగ తెచ్చినవ్" అన్నది. అన్ని గోతులలోనుంచి మమ్మల్ని క్షేమంగా తెచ్చిన మనిషి అక్కడ ఒకడున్నాడని మాకు అప్పుడు కనిపించింది. మేమూ వందనం చెప్పి దిగాము.

మరునాడు మాస్టరుగారూ మేమూ కూర్చుని ఆ రోడ్డునుగురించి అర్జీ వ్రాశాము. ఏ కిలోమీటరు రాయిదగ్గర ఏ గుంట ఉన్నదో వివరంగా వ్రాశాము. జవాబు ఇంకా రాలేదు. ముద్రపడిన నకలు మా దగ్గర ఉన్నది. వచ్చే నెల మరల వ్రాస్తాము. వచ్చే కోత పండుగకు మా వంతు కొత్త బియ్యం కూడా కొలిచిపెట్టాము. రెండూ ఒకే సంచిలో పడతవి.